వెనిస్ నాణెం కొనేముందు బొమ్మ పక్కనపెట్టి పేరు చదవండి

శ్రీకాకుళం వైపు పాత నాణేలు పోగుచేసేవాళ్లకి గంగరాజుల బంగారు ఫణం కొత్త కాదు. సుమారు అర గ్రాము తూగే ఆ చిన్న బిళ్ల మీద ఒకవైపు కూర్చున్న నంది, రెండోవైపు ‘స’ అక్షరం, దాని కింద ఒక అంకె, అంకుశం గుర్తు ఉంటాయి. ఆ అంకె రాజు ఏలుబడిలో ఎన్నో ఏడో చెబుతుంది గానీ, ఆ రాజు ఎవరో చెప్పదు. అందుకే ఫలానా ఫణం ఫలానా రాజుదేనని ఎవరైనా ఘంటాపథంగా చెబితే కొంచెం ఆగి వినాలి.

వెనిస్ నాణేలది దీనికి పూర్తిగా తలకిందుల లెక్క. వాటి మధ్యయుగపు నాణేల మీద ఏలినవాడి పేరుంటుంది, సంవత్సరం ఉండదు. వెనిస్ సముద్రం మీద బతికిన నగర రాజ్యం. దానికి వంశపారంపర్యపు రాజు లేడు, ఎన్నుకున్న అధిపతి ఉండేవాడు, అతణ్ని డోజ్ అంటారు. ఒకసారి ఎన్నికైతే సాధారణంగా చనిపోయేదాకా అతనే. ప్రతి డోజ్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నాడో పక్కాగా నమోదై ఉంది కాబట్టి, పేరు చదవగలిగితే నాణెం కాలం తెలిసిపోతుంది. పేరు చదవలేకపోతే ఏమీ తెలియదు. ఎందుకంటే బొమ్మ మారదు. వెనిస్ బంగారు డకట్ 1284లో మొదలై 1797లో ఆ గణతంత్రం కూలిపోయేదాకా అచ్చయింది. ఐదు వందల ఏళ్లకు పైగా అదే బొమ్మ: ఒకవైపు వెనిస్‌ను కాచే సెయింట్ మార్క్ ముందు మోకరిల్లి జెండా అందుకుంటున్న డోజ్, రెండోవైపు చుక్కల నడుమ కోడిగుడ్డు ఆకారపు చట్రంలో నిలబడ్డ క్రీస్తు. ఎక్కడి వ్యాపారి అయినా చూడగానే గుర్తుపట్టి తీసుకోవాలి కాబట్టి దాన్ని మార్చే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లు ముందు బొమ్మ అందానికే పడిపోతారు. అక్కడే డబ్బు పోయేది.

వెండి గ్రోస్సోతో మొదలుపెడితే చదవడం త్వరగా వస్తుంది. ఎన్రికో దాందోలో డోజ్‌గా ఉన్న కాలంలో (1192–1205) వచ్చిన నాణెం ఇది. తూకం 2.18 గ్రాములు, వెండి దాదాపు స్వచ్ఛం. వ్యాసం 20 మిల్లీమీటర్ల పైచిలుకు. బొమ్మ వైపు డోజ్, సెయింట్ మార్క్ ఇద్దరూ నిలబడి నడుమ ఒకే జెండా కర్ర పట్టుకుంటారు. కర్ర పొడుగునా పైనుంచి కిందికి డీ, వీ, ఎక్స్ అనే మూడక్షరాలు ఒకదానికింద ఒకటి ఉంటాయి. అది పేరు కాదు, పదవి. ఒక అంచున డోజ్ పేరు, ఇంకో అంచున సెయింట్ మార్క్ పేరు. బొరుసు వైపు సింహాసనం మీద క్రీస్తు. ‘యూ’ ఉండాల్సిన ప్రతిచోటా ‘వీ’ చెక్కుతారని ముందే గుర్తుపెట్టుకుంటే సగం తికమక పోతుంది.

ఇక్కడ దాందోలో ఇంటిపేరుతో నలుగురు డోజ్‌లున్నారు. ఇంటిపేరు చదివేసి ఎన్రికో అనుకుంటే కుదరదు. నాలుగో క్రూసేడుకు (క్రైస్తవుల యుద్ధయాత్రకు) నాయకుడై 1204లో కాన్‌స్టాంటినోపుల్ పట్టుకున్నది ఎన్రికోనే, కాబట్టి అతని నాణేనికి గిరాకీ వేరు, ధరా వేరు. తేడా అంతా ఇంటిపేరు ముందున్న ఒకటి రెండు అక్షరాల్లో ఉంటుంది. ‘హెచ్’ ఒక్కటే ఉంటే ఎన్రికో. ‘ఐ, ఓ’ ఉంటే జొవాన్ని (1280–89). ‘ఎఫ్, ఆర్, ఏ’ ఉంటే ఫ్రాన్చెస్కో (1329–39). ‘ఏ, ఎన్, డీ, ఆర్’ ఉంటే ఆంద్రేయా (1343–54). ఆ అక్షరాలే అరిగిపోయిన నాణేన్ని ‘దాందోలో గ్రోస్సో’ అని అమ్ముతుంటే అందులో చెప్పకుండా వదిలేసింది ఏమిటో ఆలోచించండి.

దీనికంటే చిక్కైనది తియెపోలో జంట. యాకోపో తియెపోలో (1229–49) నాణెం మీద ‘ఐ, ఏ’, లొరెంజో తియెపోలో (1268–75) నాణెం మీద ‘ఎల్, ఏ’. తర్వాత ఇంటిపేరు ఒకటే. ఎల్ కింది కాలు అరిగినా, అచ్చు దెబ్బ అక్కడ సరిగా పడకపోయినా అది ఐ లాగే కనిపిస్తుంది. పది రెట్ల భూతద్దం పెట్టి, వెలుతురు నెత్తిమీద నుంచి కాకుండా పక్కనుంచి ఏటవాలుగా పడేలా నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. ఎల్ అయితే కాలు ఉండాల్సినచోట లోహం కొంచెమైనా ఉబ్బి చిన్న నీడ పడుతుంది. ఐ అయితే ఆ చోటు చదునుగానే ఉంటుంది. ఫోన్ ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో ఇది తేలదు. అమ్మేవాళ్లని కిటికీ పక్కన, పక్క వెలుతురులో తీసిన ఫొటో అడగాలి. ఇవ్వకపోతే వదిలేయొచ్చు, గ్రోస్సోలు మార్కెట్లో కరువేం కాదు.

తూకం కూడా కాలం చెబుతుంది. గ్రోస్సో అచ్చు 14వ శతాబ్దం నడుమ ఆగిపోయి, ఆంద్రేయా కొంతరీని కాలంలో 1379లో మళ్లీ మొదలైంది. ఈసారి తూకం సుమారు 2 గ్రాములకు దిగింది. అంటే కొంతరీని పేరున్న నాణెం 1.95 తూగితే అది మామూలే. అంతకుముందు డోజ్ పేరుతో అదే తూకం వచ్చిందంటే అంచు కత్తిరించారని అనుమానించాలి. ఆ రోజుల్లో అంచు నుంచి సన్నగా వెండి గీకి దాచుకోవడం అన్ని ఊళ్లలోనూ ఉన్న దొంగపనే. నాణెం చుట్టూ ఉండే చుక్కల వరుస చూడండి. ఒకవైపు చుక్కలు పూర్తిగా ఉండి ఇంకోవైపు అక్షరాల తలలు కూడా తెగి ఉంటే కత్తిరించినదే. వాడకంలో వంపుగా అరిగిన అంచు వేరు, తిన్నగా తెగిన అంచు వేరు. పాత రకం గ్రోస్సో 2.10 పైన ఉంటే నిశ్చింతగా చూడొచ్చు.

ఇంకొకటి. గ్రోస్సోను సెర్బియా రాజులు అచ్చుగుద్దినట్టు అనుకరించారు. దూరం నుంచి చూస్తే తేడా పట్టలేం. ఉరోష్ అన్న పేరు, దాంతో రాజు అనే అర్థమున్న ‘రెక్స్’, సెయింట్ మార్క్ చోట సెయింట్ స్టీఫెన్ పేరు కనిపిస్తే అది వెనిస్‌ది కాదు. అదీ మధ్యయుగపు నాణెమే, అదీ సేకరించదగ్గదే. కానీ వెనిస్ పెట్టెలో పెట్టడానికి కాదు.

డకట్ సంగతి. మొదట్లో 3.5 గ్రాములకు కాస్త పైన, తర్వాత 3.49 దగ్గర. బంగారం ఆ కాలపు కొలిమిలో సాధ్యమైనంత మేలిమి, 99 శాతం పైమాటే. మన వరహా 3.4 గ్రాముల దగ్గర తూగుతుంది కాబట్టి దక్షిణాది బజార్లో ఈ నాణెం ఇబ్బంది లేకుండా చెల్లింది. మిరియాల కోసం ఈజిప్టు, ఎర్రసముద్రం దారిన పడమటి తీరానికి వచ్చిన బంగారం ఇది. గుజరాత్‌లోని భరూచ్‌లో 19వ శతాబ్దంలో బయటపడిన నిధిలో వెనిస్ డకట్లు ఈజిప్టును ఏలిన మామ్లూకుల బంగారు నాణేలతో కలిసే దొరికాయి. తమిళనాడు వైపు ఆ జెండా కర్రను తాటిచెట్టుగా, పక్కనున్న మనిషిని గీత కార్మికుడిగా చూసి షానార్ కాసు అన్నారు.

మన వైపు షరాబుల దగ్గర ఎవరైనా ‘పాత బొమ్మల కాసు’ అని ఇలాంటిది చూపిస్తే మూడింటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. మొదటిది నిజమైన డకట్, కానీ కాసుల పేరులో గుచ్చినది. నెత్తిన రింగు అతికించి తీసేసిన టంకం మచ్చో, పూడ్చిన చిల్లో ఉంటుంది. రెండోది ఇక్కడి కంసాలులు నగల కోసం పోసిన అనుకరణ. మూడోది ఆస్ట్రియా డకట్, 1915 తేదీతో ఇప్పటికీ అచ్చవుతున్నది. దాని మీద గడ్డం మీసాల చక్రవర్తి తల ఉంటుంది. తూకం 3.49 గ్రాములే, స్వచ్ఛత వెయ్యికి 986. దానికీ వెనిస్‌కీ పేరు తప్ప పొత్తు లేదు, లోహం ధరకే కొనాలి.

రెండో రకమే అసలు పరీక్ష. అనుకరణల్లో కొన్నిటి బంగారం బాగానే ఉంటుంది, తూకం కూడా దగ్గరగానే వస్తుంది. పట్టిచ్చేవి అక్షరాలు. అక్షరజ్ఞానం లేని చెయ్యి చూసి గీసిన లిపి కాబట్టి ‘ఎస్, ఎం, వెనెటి’ (వెనిస్ సెయింట్ మార్క్) ఉండాల్సిన చోట నిలువు గీతలు, సున్నాలు, తిరగబడ్డ ఎన్‌లు వరుసగా ఉంటాయి, ఎంత చదివినా ఏ డోజ్ పేరూ రాదు. మనుషులు పుల్లల్లా ఉంటారు. కర్ర మీద డీ, వీ, ఎక్స్ చోట మూడు గీతలు ఉంటాయి. ఒక హెచ్చరిక: 18వ శతాబ్దపు అసలు డకట్ల మీద కూడా పని నాసిగా, మనుషులు సన్నగా ఉంటారు. అందుకే బొమ్మ మొరటుగా ఉందని అనుకరణ అనెయ్యకూడదు. పేరు రాకపోతేనే అనుమానించాలి. లుడొవికో మానిన్ (1789–97) చివరి డోజ్, పావొలో రెనియెర్ (1779–89) అతని ముందువాడు. ఈ ఇద్దరివీ తేలిగ్గా దొరుకుతాయి. ఆల్వీసే మొచెనీగో అన్న పేరుతో మాత్రం నలుగురున్నారు: 1570–77, 1700–09, 1722–32, 1763–78. అమ్మేవాడు ‘మొదటి మొచెనీగో, 1570’ అని రాస్తే, అక్షరాల తీరు, బొమ్మల తీరు చూపించి ఎందుకు మొదటివాడో చెప్పమనండి. పాతదైతే ధర ఎక్కువ కాబట్టి పొరపాటు ఎప్పుడూ అటువైపే జరుగుతుంది.

బంగారం పరీక్షకు షరాబు దగ్గరికి తీసుకెళ్తే గీటురాయి మీద గీయనివ్వకండి. అంచు మీద ఒక్క గీత పడినా సేకరణ విలువ పడిపోతుంది. విజయనగరం, శ్రీకాకుళం పెద్ద దుకాణాల్లో ఇప్పుడు ఎక్స్‌రే కారట్ మీటర్లు ఉన్నాయి, గీయకుండానే లోహం చెబుతాయి. అసలు డకట్ 99 శాతం పైన చూపించాలి. 91.6 చూపిస్తే అది 22 కారట్ల నగ బంగారం, అంటే తర్వాతి కాలపు పని. ఆ మీటరు పైపొర మాత్రమే చదువుతుంది. మందంగా బంగారు పూత వేసిన వెండి దాన్ని మోసం చెయ్యగలదు. రెండు మూడు చోట్ల, రెండు వైపులా చదివించండి. రింగు టంకం ఉన్నచోట చదివిస్తే తక్కువే వస్తుంది, అది లెక్కలోకి రాదు.

పైపొర దాటి లోపలికి వెళ్లాలంటే నీటి తూకమే దారి. ఇంట్లో చేసుకోవచ్చు. కావలసింది వెయ్యో వంతు గ్రాము చూపే చిన్న డిజిటల్ కాటా. ఇవి చాలావరకు 20 నుంచి 50 గ్రాముల దాకానే మోస్తాయి కాబట్టి గాజు గ్లాసు పెట్టకూడదు. సిరప్ సీసాతో వచ్చే ప్లాస్టిక్ కొలత కప్పు చాలు, అందులో మూడొంతులు నీళ్లు. ఫ్యాన్ ఆపాలి, తలుపు వెయ్యాలి. ముందు నాణేన్ని పొడిగా తూచి రాసుకోండి. తర్వాత నీళ్ల కప్పును కాటా మీద పెట్టి సున్నా చెయ్యండి. నాణేన్ని సన్నటి నైలాన్ గేలపు దారంతో జారుముడి వేసి, కాటాకు అటూ ఇటూ పుస్తకాల దొంతర పెట్టి వాటి మీద పెన్సిల్ అడ్డంగా వేసి, దాని నుంచి వేలాడదీయండి. నాణెం పూర్తిగా మునగాలి, అడుగుకు గానీ గోడకు గానీ తగలకూడదు. అప్పుడు కాటా చూపే అంకెతో పొడి తూకాన్ని భాగించండి. మేలిమి బంగారానికి 19 పైన రావాలి.

3.49 గ్రాముల డకట్‌కి నీళ్లలో కాటా 0.182 దగ్గర చూపాలి. 22 కారట్లదైతే 0.197 దగ్గర, 18 కారట్లైతే 0.225, పూత వేసిన వెండి అయితే 0.33, పూత వేసిన రాగి అయితే 0.39. ఇప్పుడు నూరో వంతు మాత్రమే చూపే కాటా ఎందుకు చాలదో అర్థమవుతుంది: 0.18కీ 0.20కీ మధ్య అది ఒకటి రెండు అంకెలే ఊగుతుంది. పూత వెండిని పట్టుకుంటుంది, 22 కారట్లను వదిలేస్తుంది. దారం పత్తిదైతే నీళ్లు పీల్చి అంకె జరుగుతుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరిగి, ఫలితం తగ్గుతుంది. అంటే బుడగ మంచి బంగారాన్ని చెడ్డగా చూపిస్తుందే గానీ చెడ్డదాన్ని మంచిగా చూపించదు. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే ద్రవం కలిపితే బుడగలు పట్టవు. అడుగుకు తగిలితే అంకె ఒక్కసారిగా గ్రాముల్లోకి ఎగురుతుంది, చూడగానే తెలిసిపోతుంది. ఎండాకాలం నీటి వేడి వల్ల వచ్చే తేడా వెయ్యికి నాలుగైదు పాళ్లు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

గ్రోస్సోకి ఇదే పని చేస్తే 2.18 గ్రాములకు 0.21 దగ్గర రావాలి. రాగి కలిపిన తెల్ల లోహమైతే 0.245 దాకా వెళ్తుంది. కానీ ఈ రోజుల్లో నకిలీ గ్రోస్సోలు మంచి వెండితోనే చేస్తున్నారు, నీటి తూకంలో అవి నెగ్గేస్తాయి. వాటిని కళ్లతోనే పట్టాలి. పోత నాణేనికి అక్షరాల అంచులు మెత్తగా, సబ్బు అరిగినట్టు ఉంటాయి. లోతైన చోట్ల సూది మొనంత గుంటలు కనిపిస్తాయి. పక్క అంచు మీద చుట్టూ సన్నటి అతుకు గీత ఉండొచ్చు, దాన్ని ఆకురాయితో రాసేసిన గుర్తులైనా ఉంటాయి. సుత్తితో కొట్టిన అసలు నాణెంలో ఒక పక్క దెబ్బ బలంగా, ఇంకో పక్క బలహీనంగా ఉండటం సహజం. రెండు వేర్వేరు నాణేల మీద ఒకే గీత, ఒకే చోట, ఒకే పొడవుతో ఉంటే రెండూ ఒకే తల్లి నాణెం నుంచి మూస తీసి పోసినవి. అసలు నాణేల్లో అచ్చు ఒకటే కావచ్చు, చేతులు మారాక పడిన గీత ఒకటే కాలేదు. అందుకే కొనేముందు వేలాల పాత ఫొటోలు తిరగేయడం సమయం వృథా కాదు.

చేతిలో డబ్బు తక్కువుంటే తోర్నెసెల్లోతో మొదలుపెట్టండి. 1353 నుంచి గ్రీకు దీవుల్లోని వెనిస్ వలసల కోసం అచ్చు వేసిన చిన్న నాణెం, తూకం 0.7 గ్రాముల దగ్గర, వెండి తక్కువ, రాగి ఎక్కువ. ఒకవైపు శిలువ చుట్టూ డోజ్ పేరు, రెండోవైపు పుస్తకం పట్టుకున్న రెక్కల సింహం. ఆంతోనియో వెనియెర్ (1382–1400) పేరుతో విరివిగా దొరుకుతుంది. తర్వాత సోల్దీనో అనే చిన్న వెండి నాణెం: 1332 ప్రాంతంలో వచ్చినప్పుడు గ్రాముకు కొంచెం తక్కువ, వంద ఏళ్లు తిరిగేసరికి అందులో సగానికి పడిపోయింది. మరీన్ ఫలియెర్ (1354–55), కుట్ర పన్నాడని తల నరికిన డోజ్. మికేలె మొరొసీని, 1382లో నాలుగైదు నెలలే ఉన్నవాడు. ఈ ఇద్దరి పేర్లున్న నాణేలు చవగ్గా వస్తే ముందు నకిలీ అనే అనుకోండి.

ఇంటికొచ్చిన నాణేన్ని తోమకండి. చింతపండు, విభూది, పళ్లపొడి వెండి కుంచాలకు పనికొస్తాయి గానీ తోర్నెసెల్లోకి కాదు. దాని పైన ఉండే పల్చని తెల్ల పొర పోతే కింద రాగి తేలిపోతుంది, మళ్లీ రాదు. జిడ్డు, ప్లాస్టిక్ కవరు వల్ల వచ్చిన పచ్చటి జిగురు ఉంటే అసలైన ఎసిటోన్‌లో గాజు గిన్నెలో పది నిమిషాలు ఉంచి తియ్యండి. గోళ్ల రంగు తుడిచేది వాడొద్దు, అందులో నూనె ఉంటుంది. పొయ్యి దగ్గర చెయ్యొద్దు, కిటికీలు తెరిచి ఉంచండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, రుద్దకుండా మెత్తని కాగితం మీద ఆరనివ్వండి. పచ్చటిది పొడిపొడిగా రాలుతూ, రోజురోజుకీ పాకుతుంటే అది జిగురు కాదు, చిలుము. దాన్ని వేరే డబ్బాలోకి మార్చండి.

కళింగపట్నం, భావనపాడు గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఉప్పు తేమలో వెండి తొందరగా నల్లబడుతుంది, రాగి కలిసినవి చిలుము పడతాయి. మెత్తని పీవీసీ కవర్లు, రబ్బరు బ్యాండ్లు, నాఫ్తలిన్ ఉండలు మూడూ నాణేల దగ్గర ఉండకూడదు. గట్టి మైలార్ (పీవీసీ కాని ప్లాస్టిక్) కవరు, గాలి చొరని మూత డబ్బా, లోపల రంగు మారే సిలికా జెల్ సుమారు 50 గ్రాములు. రంగు మారగానే తీసి ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. వానాకాలంలో నెలకోసారి చూడాలి, ఎండాకాలంలో అంత అవసరం లేదు. డబ్బా అటక మీద గానీ నేల మీద బీరువా కింది అరలో గానీ వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పైకప్పులూ పోయాయి, నీళ్లూ వచ్చాయి. బంగారం లాకరులో ఉంచి, ఫొటోలు, తూకాలు వేరే ఊళ్లో ఒక కాపీ పెట్టుకోవడం మేలు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపకూడదు. అందుకే ఇక్కడ కొన్న డకట్‌ను గ్రేడింగ్ (అసలుదనం, నాణ్యత తేల్చడం) కోసం అమెరికా పంపుదామన్న ఆలోచన పెట్టుకోకండి. అమ్మకం వ్యాపారంగా చేసేవాళ్లకి లైసెన్సు ఉండాలి, బిల్లు అడగండి. విదేశం నుంచి తెప్పించాలంటే బంగారం, వెండి దిగుమతి నిబంధనలు మారుతుంటాయి కాబట్టి డబ్బు కట్టకముందే చూసుకోవాలి. ఇటలీ నుంచైతే అక్కడి ఎగుమతి అనుమతి పత్రం కూడా కావాలి. ఇక శాలిహుండం, ముఖలింగం చుట్టుపక్కలా, వంశధార ఇసుకలోనూ దొరికిందని ఎవరైనా తెస్తే ముట్టుకోకండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి.

ప్రతి నాణేనికీ ఒక కార్డు రాయండి: డోజ్ పేరు, అతని ఏళ్లు, నాణెం రకం, తూకం, వ్యాసం, బిల్లు నంబరు. అన్నిటికంటే ముఖ్యంగా దాని మీద కనిపించిన అక్షరాలు కనిపించినట్టే, చుక్కలతో సహా. కనిపించని అక్షరం చోట గీత పెట్టండి, ఊహించి నింపకండి. ఇటలీ రాజు మూడో విక్టర్ ఇమ్మాన్యుయేల్ కూర్పించిన ఇటలీ నాణేల పెద్ద జాబితాలో వెనిస్ 7, 8 సంపుటాల్లో ఉంటుంది. వేలం వివరణల్లో సీఎన్ఐ అని అంకె వేసేది దాన్నే. మీ కార్డు మీది అక్షరాలు, చుక్కలు అందులోని వరుసతో పోల్చి, సరిపోయిన అంకెను పెన్సిల్‌తో రాసుకోండి. ఇంకో అచ్చు రకం దగ్గరగా ఉందని తర్వాత తేలితే దిద్దుకోవడానికి వీలుంటుంది.